పత్రిక పెడతానంటున్న మేనకోడలికి

కతగ్వాజెస్, మినాస్ జెరైస్, బ్రెజిల్

అమ్మడూ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు. "అది జుయిజ్ ద ఫోరాలో ఉద్యోగం మానేసి మన ఊరొచ్చి కవిత్వం పత్రిక పెడుతుందట, అంతా నీ మూలానే" అని అరిచి పెట్టేసింది. నేనేం చేశానే? చిన్నప్పుడు నిన్ను నేను పనిచేసే అచ్చు ప్రెస్‌కి తీసుకెళ్లి, కటింగ్ మిషన్ కింద పడ్డ రంగు కాగితాల ముక్కలు సంచిలో వేసిచ్చాను. నా నేరం అంతే.

ముందు కోపమే వచ్చింది. నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం వదిలేసి ఇదేం బుద్ధి అని గొణుక్కున్నాను. సాయంత్రం బార్బర్ షాపులో కూర్చుని "మా మేనకోడలు పత్రిక తెస్తోంది" అని నలుగురికీ నేనే చెప్పేశాను. నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, నాకు ఇంత గర్వంగా ఉందని. ఇక నిన్ను ఆపే మొహం నాకు లేదు. తిట్టే హక్కు మాత్రం ఉంది, అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో రాస్తే చదివీ చదవనట్టు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. పత్రికకి కావలసిన గుర్తింపు నంబరు ఐఎస్ఎస్ఎన్, పుస్తకానికి ఐఎస్‌బీఎన్. రెండోది 2020 నుంచి కామరా బ్రజిలేరా దొ లివ్రో, అదే పుస్తకాల వ్యాపారుల సంఘం వాళ్లు, ఇస్తున్నారు. పాతవాళ్లు ఇంకా నేషనల్ లైబ్రరీ గుమ్మం చూపిస్తారు, వినకు. పేజీలు డెబ్భై అనుకుంటున్నావట. 64 చెయ్యి, లేకపోతే 80 చెయ్యి. ఫారానికి పదహారు పేజీలు, ఆ లెక్క తప్పితే ఖాళీ కాగితానికి డబ్బు కడతావు. లోపలి పేజీలకి పసుపు ఛాయ ఉన్న పోలెన్ కాగితం వాడు, కళ్లకి హాయి. గమ్ము బైండింగ్ వద్దు, సన్నటి పత్రికకి మధ్యలో రెండు పిన్నులు చాలు. ప్రూఫులు నువ్వు చూడకు, నువ్వు రాసిన దాంట్లో తప్పు నీ కంటికి ఆనదు. నా దగ్గరికి పంపు. కళ్లజోడు మార్చాను.

ఊళ్లో ఎవడో ఒకడు అంటాడు, ఈ మూలనున్న ఊళ్లో పత్రికేంటని. వాడికి మన ఊళ్లోనే వచ్చిన 'వెర్దె' పత్రిక గురించి చెప్పు. బళ్లో నీకు చెప్పే ఉంటారు: 1927 సెప్టెంబరులో మొదటి సంచిక, 1929లో ఆఖరిది, మొత్తం ఆరు సంచికలు, దేశమంతా ఈ ఊరి పేరు తెలిసింది అని. టీచర్లు అంతవరకు చెప్పి, ఫొటో చూపించి, పరీక్షకి ప్రశ్న ఇస్తారు. ఆ పిల్లలు అసలు ఏం చేశారో చెప్పరు. అందరూ కుర్రాళ్లే. ఎన్రీకే ద రెజెండె ఒక్కడే కాస్త పెద్దవాడు, ఇంజినీరు, ఇంకా ముప్పై రాలేదు. ఫ్రాన్సిస్కో ఇనాసియో పెయ్‌షోటోకి పద్దెనిమిది, గిల్యెర్మీనో సేజర్‌కి పందొమ్మిది. రొజారియో ఫుస్కోకి పదిహేడు. ఆ పదిహేడేళ్ల వాడికి సిగ్గనేది లేదు, పత్రికకి అదే పెట్టుబడి. సావో పాలోలో మారియో ద అంద్రాదె అంతటి పెద్ద రచయితకి చనువుగా ఉత్తరాలు రాసి రచనలు పంపమన్నాడు. ఆయన పంపాడు. ఓస్వాల్డ్ ద అంద్రాదె పంపాడు. తర్వాత అంత పెద్ద కవి అయిన ద్రుమోన్, అప్పటికి ఒక్క పుస్తకం కూడా రానివాడు, పంపాడు. ఫ్రెంచి కవి బ్లెయ్జ్ సాండ్రార్ కూడా పంపాడు. పొంబా నది ఒడ్డున, బట్టల మిల్లు సైరనుకి నిద్రలేచే ఊళ్లో ఇదంతా జరిగింది.

వాళ్లని నిలబెట్టింది తపాలా ఆఫీసు. ఈ ఊరి పాఠకులని నమ్ముకుని ఉంటే రెండో సంచిక వచ్చేది కాదు. తర్వాత అరవైలు, డెబ్భైల్లో మన ఊరి కవి జొవాకిం బ్రాంకు వాళ్లూ ఇదే పద్ధతి పట్టుకున్నారు. మిలటరీ వాళ్ల సెన్సారు నడుస్తున్న కాలంలో అక్షరాలనే బొమ్మలుగా పేర్చే దృశ్య కవిత్వం అచ్చేసి, కవర్లలో పెట్టి ఎక్కడెక్కడికో పంపారు. కాబట్టి నీ మొదటి సంచికలో సగం కాపీలు ఊరు దాటాలి. ఎవరికి పంపాలో ఇప్పట్నుంచే చిరునామాలు రాసుకో. ఇన్‌స్టాగ్రామ్‌లో గుండె బొమ్మ పెట్టినవాళ్లని పాఠకులుగా లెక్కేయకు. పోస్టులో పుస్తకాలకి రెజిస్ట్రో మోడికో అని తక్కువ ఖర్చుతో రిజిస్టరు చేసే పద్ధతి ఉండేది, ఇంకా ఉందేమో కనుక్కో. కౌంటర్లో అమ్మాయి తనంతట తాను చెప్పదు, ఉంటే అడిగి చేయించుకో. కవర్ మీద చిరునామా చేత్తో రాయి. కంప్యూటర్ లేబుల్ అంటించిన కవరు కరెంటు బిల్లుల మధ్యలోకి పోతుంది.

ఆ వెర్దె ఆఖరి సంచిక ఎవరి కోసం తెచ్చారో గుర్తుందా? ఆ కుర్రాళ్లలో ఒకడైన అస్కానియో లోపెస్ కోసం. 1929 జనవరిలో క్షయతో పోయాడు, ఇరవై రెండేళ్లు. ఇది చెప్తున్నానని విసుక్కోకు. చిన్నప్పుడు నీకు ఆయాసం వస్తే మీ అమ్మా నేనూ రాత్రంతా నిన్ను భుజాన వేసుకుని మార్చి మార్చి తిరిగిన సంగతి నీకు తెలియదు, నువ్వు నిద్రపోయేదానివి. ఇప్పుడు నది పక్కన పాత ఇంట్లో కింది గది అద్దెకి చూస్తున్నావట, చవకని. వద్దు. ఆ వరసలో ఇళ్ల గోడలు వానాకాలంలో నడుము ఎత్తు దాకా చెమ్మ పీలుస్తాయి. నీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు, కాగితానికీ మంచిది కాదు. మెట్లెక్కాల్సిన గది తీసుకో, మధ్యాహ్నం ఎండ పడేది. అద్దె తేడా నేను కడతాను, మీ అమ్మకి చెప్పకు. పత్రిక ఆలస్యమైతే ఎవరూ చావరు. రాత్రి రెండింటిదాకా లేఅవుట్ చేస్తూ కాఫీ మీద బతికితే మాత్రం నేను వచ్చి కంప్యూటర్ వైరు పీకేస్తాను. నువ్వు నవ్వుతావు కానీ, నేను నిజంగానే వస్తాను.

ఇక అసలు సంగతికొస్తాను. ఎన్ని కాపీలు వేస్తున్నావు? మీ అమ్మ వెయ్యి అంటోంది. ఆవిడ పెంచి చెప్పి ఉంటుందని నా ఆశ.

1989 చివర్లో ఒకాయన మా ప్రెస్‌కి వచ్చాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. మిల్లులో మగ్గాలు బాగుచేసే పని. మిల్లువాళ్లు తీసేస్తే ఫుందో ద గరంతియా, అదే పనివాళ్ల పేరున జమయ్యే నిధి, ఆ డబ్బు చేతికొచ్చింది. ఇల్లు గోడల దాకా లేపి ఉంచాడు, పైకప్పుకి దాచుకున్న ఆశంతా ఆ డబ్బు మీదే. సంచిలోంచి నోటుబుక్కులు తీశాడు. ఏళ్ల తరబడి రాసుకున్న పద్యాలు, నూనె మరకలతో సహా. నాకు కవిత్వం గురించి పెద్దగా తెలియదు. కానీ రాత్రి షిఫ్టు అయ్యాక ఇంటికెళ్లి పడుకున్నా చెవిలో మగ్గం ఆగకపోవడం గురించి ఒకటుంది, మిషన్ మీద అది తిరుగుతుంటే చూసి మిషన్ ఆపి మొత్తం చదివాను.

మా యజమాని ధర చెప్పాడు. మూడొందల కాపీలకి ఇంత, వెయ్యికి అయితే దాని మీద ఇంకో సగం కలిపితే చాలు అన్నాడు. ఇందులో మోసం లేదు. ఆఫ్‌సెట్‌లో పెద్ద ఖర్చు మొదటి మంచి కాపీ బయటికి రాకముందే అయిపోతుంది: ఫిల్ములు, ప్లేట్లు, ఇంకు సరిచేసుకోవడం, అచ్చు కుదిరేదాకా పాడైపోయే కాగితం. అక్కణ్నుంచి మిషన్ తిరుగుతుంటే ఎక్కువగా కాగితం ఖర్చే. కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర పడిపోతుంది. వినడానికి ఎంత బాగుంటుందో! అయితే అది అచ్చయిన కాపీ ధర. అమ్ముడుపోయిన కాపీ ధర ఎంతో ఏ ప్రెస్సువాడూ కొటేషన్‌లో రాయడు. మొత్తం బిల్లుని అమ్మిన కాపీలతో భాగించు, అప్పుడు తెలుస్తుంది ఏది చవకో.

దానికి తోడు ఆ రోజులు అలాంటివి. 1989లో ధరలు ఏడాదికి వెయ్యి శాతం దాటి పెరిగాయి. సూపర్ మార్కెట్లో కుర్రాడు ధరల చీటీలు అంటిస్తూ ఒక వరస నుంచి వస్తుంటే, వాడు చేరేలోపల ఇంకో వరసలో బియ్యం ప్యాకెట్లు లాక్కునేవాళ్లం. డబ్బు చేతిలో ఉంచుకున్నవాడు వెర్రివాడు, ఏదో ఒక వస్తువు చేసి పెట్టుకో అన్నది అందరి బుద్ధి. ఆయనా అలాగే అనుకున్నాడు. కాగితం వచ్చే నెల ఇంకా పెరుగుతుంది, ఊళ్లో యాభై వేలమంది పైన ఉన్నారు, వెయ్యిమంది కొనరా అన్నాడు. వెయ్యి వేయించాడు.

యాభై చొప్పున ఖాకీ కాగితంలో చుట్టి, పురికొసతో నేనే కట్టలు కట్టాను. ఆవిష్కరణ 1990 మార్చి నెలాఖరుకి పెట్టుకున్నాడు. మార్చి 16న కొత్త అధ్యక్షుడు కొలోర్ జనం బ్యాంకు డబ్బు బిగించేశాడు. యాభై వేల క్రుజాదో నోవోలకి మించి ఎవరూ తీసుకోవడానికి లేదు, మిగిలింది పద్దెనిమిది నెలలు ప్రభుత్వం దగ్గరే. ఆవిష్కరణకి జనం రాలేదనకు, హాలు నిండింది. పావ్ ద కేజో తిన్నారు, కాఫీ తాగారు, ఆయన్ని కౌగిలించుకున్నారు, "తర్వాత తీసుకుంటాలే" అన్నారు. ఆయన మొహమాటస్తుడు, మీదగ్గర ఉంచండి అని చేతుల్లో పెట్టాడు. కౌన్సిలర్లకి ఊరికే ఇచ్చాడు, డాక్టర్లకి ఊరికే ఇచ్చాడు, తనని పనిలోంచి తీసేసిన మేనేజరుకి కూడా సంతకం పెట్టి ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చిన పుస్తకాన్ని చదివినవాణ్ణి నేను ఎక్కువమందిని చూడలేదు.

కొలోర్ చేసిన దానికి ఆయనేం చేస్తాడు అంటావు నువ్వు. మూడొందలే వేసి ఉంటే కొలోర్ వచ్చినా తట్టుకునేవాడు, మిగతా డబ్బుతో సగం కప్పుకైనా రేకులు వచ్చేవి. కట్టలు వరండాలో పేర్చుకున్నాడు. పై వాటికి చెద పట్టింది. నది పొంగిన ఏడాది ఇంట్లోకి నీళ్లొస్తుంటే వాళ్లావిడ ఫ్రిజ్ కింద కట్టలు పెట్టి ఎత్తు చేసింది. కింది వరసలు నీళ్లు తాగి ఉబ్బి, అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఫ్రిజ్ మాత్రం బతికింది. ఆవిణ్ణి తప్పు పట్టలేను.

ఆయన పోయాక చాలా ఏళ్లకి, మిల్లు పనివాళ్ల రాతల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి ఊరొచ్చి ఆ పుస్తకం కోసం తిరిగాడు. ఇంట్లో లేదు. ఊరి లైబ్రరీలో లేదు. రియోలో నేషనల్ లైబ్రరీకి ఎవరూ పంపనే లేదు. చివరికి ప్రెస్సులో మిగిలిన, అట్ట లేని కాపీ ఒకటి నా బీరువాలో ఉంటే అదిచ్చి పంపాను. వెయ్యి కాపీలు వేసిన పుస్తకానికి ఇదీ గతి.

అందుకని నూరు కాపీలే వేయించు. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్ ఉంది, ప్లేట్ల గోల లేదు, నూరు వేసినా అడిగేవాడు లేడు. ఒక్కో కాపీ ధర కాస్త ఎక్కువే పడుతుంది, పడనీ. ఎనభై అమ్ముడయ్యాక ఇంకో నూరు వేయించు. ప్రెస్సువాడు "ఇంకొంచెం కలిపితే అయిదొందలు" అంటే నవ్వి ఊరుకో. ఆ మాట ఎలా అనాలో నాకు తెలుసు, నా జీవితమంతా విన్నాను.

అచ్చయిన నెలలోపే నేషనల్ లైబ్రరీకి కాపీ పంపడం చట్టం, 2004లో వచ్చిన డిపాజిట్ చట్టం ప్రకారం ముప్పై రోజులు గడువు. చట్టం మాట అటుంచు, నా మాట కోసం పంపు. ఇంకోటి ఊరి లైబ్రరీలో ఇచ్చి రసీదు తీసుకో. ఇంకోటి వేరే ఊళ్లో, ఎత్తైన చోట ఉన్న స్నేహితురాలి ఇంట్లో పెట్టించు. మన ఊరికి వస్తువులు నిలబెట్టుకోవడం చేతకాదమ్మా. వెర్దె పెయ్‌షోటో పెద్దయ్యాక ఆర్కిటెక్టు నీమెయర్ చేత స్కూలు కట్టించి, అందులో చిత్రకారుడు పోర్తినారి చేత స్వాతంత్ర్య వీరుడు తిరాదెంతెస్ మీద పద్దెనిమిది మీటర్ల బొమ్మ వేయించాడు. 1975లో అది సావో పాలోకి అమ్ముడుపోయింది. ఇప్పుడు మన పిల్లలు దాన్ని చూడాలంటే అక్కడి మెమోరియల్‌కి బస్సెక్కాలి. కట్టడాలని కాపాడాలని 1994లో ప్రభుత్వం ముద్ర వేసింది, అప్పటికే ఆ అసలు బొమ్మ ఊరు దాటిపోయింది.

డబ్బు సంగతి. మునిసిపాలిటీ ద్వారా, కళలకి సాయం చేసే అల్దీర్ బ్లాంక్ చట్టం నిధులు వస్తాయి, ఎదిటల్ (దరఖాస్తుల ప్రకటన) పడినప్పుడు దరఖాస్తు పెట్టు, సిగ్గు పడకు, అది మన పన్నుల డబ్బే. కానీ ఎదిటల్ వచ్చాకే పత్రిక అని కూర్చోకు. నిధులొస్తే వాటికి వేరే బ్యాంకు ఖాతా, ప్రతి రియల్‌కి నోట ఫిస్కాల్ అనే పన్ను బిల్లు. బిల్లు లేకుండా తక్కువకి చేస్తానని చెప్పే ప్రెస్సు ఒకటుంది, ఏదో నీకు చెవిలో చెప్తాను. లెక్కలు అప్పజెప్పే రోజున ఆ తక్కువ ధర నీ మెడకి చుట్టుకుంటుంది. షాపులవాళ్లు అమ్మిన దాంట్లో నలభై శాతం, ఒక్కోచోట సగం ఉంచుకుంటారు. ఎన్ని కాపీలు ఇచ్చావో కాగితం మీద రాయించి సంతకం పెట్టించు, మొహమాటపడ్డావో కాపీలూ ఉండవు, డబ్బూ ఉండదు. బార్‌లో కవితలు చదివే రాత్రి పెట్టుకో, టేబుల్ మీద కాపీలు పెట్టి అమ్మేవాళ్లుగా కవులని కాక నీ స్నేహితురాళ్లని కూర్చోబెట్టు. కవులు డబ్బు అడగలేరు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇంకొకటుంది. అరవై ఆరు వేలమంది ఊరిది. నువ్వు వద్దన్న కవిత రాసినాయన మర్నాడు పొద్దున రొట్టెల షాపులో నీ వెనకే లైన్లో ఉంటాడు. డాక్టరుగారి సోనెట్లు వస్తాయి, రిటైర్డ్ జడ్జిగారి అక్షరమాల పద్యాలు వస్తాయి, మేయరు బంధువుల అమ్మాయి రాసినవి వస్తాయి. వాటిలో మంచివీ ఉండొచ్చు, చదవకుండా తీసిపారేయకు. కాకపోతే వద్దనేటప్పుడు త్వరగా, రాతపూర్వకంగా, రెండే వాక్యాల్లో చెప్పు. "వచ్చే సంచికలో చూద్దాం" అని మాత్రం అనకు. ఆ ఒక్క మాట వల్ల ఈ ఊళ్లో పలకరింపులు లేని ఇళ్లు నాకు తెలుసు. నీ పత్రికకి ఎవరు సహాయం చేసినా, ప్రకటన ఇచ్చినా, లోపల ఏం రావాలో వాళ్లు చెప్పకూడదని మొదటి రోజే తేల్చుకో. ఆ మాట మర్యాదగా చెప్పడం నీకు రాదు, మీ అమ్మ పోలిక. నేను పక్కన కూర్చుంటాను.

మిల్లులో పనిచేసేవాళ్లని మర్చిపోకు. లూయిజ్ రుఫాతో ఇక్కడే పుట్టాడు, పాప్‌కార్న్ అమ్మే తండ్రి, బట్టలు ఉతికే తల్లి. తానూ మిల్లులో చేశాడు, లేతు మెకానిక్కూ అయ్యాడు. సావో పాలో వెళ్లాక ఈ ఊరి పనివాళ్ల కథలు రాశాడు, 2013లో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతలో ప్రారంభోపన్యాసం ఇచ్చాడు. ఇప్పుడు షిఫ్టు మారే గేటు దగ్గర నీ పత్రిక చూపిస్తే తీసుకునేవాళ్లు ఉన్నారని నా నమ్మకం. అక్కడ ధర తగ్గించు, ఊరికే మాత్రం ఇవ్వకు.

ఉద్యోగం ఇప్పుడే మానకు. సెలవు పెట్టగలిగితే పెట్టు, మొదటి రెండు సంచికలు తెచ్చి చూడు. ఇది పిరికితనం అంటావని తెలుసు. అను.

ఇంకో మాట. మొదటి సంచిక ప్రూఫులు ఫోన్లో పంపొద్దు, నాకు చేతిలో కాగితం ఉంటే గానీ తప్పులు దొరకవు. శనివారం బస్సుకి వచ్చెయ్యి, భోజనం నా దగ్గరే. ఏడాది చందా ఎంత పెట్టావో రాయి. మామయ్య కదా అని ఊరికే పంపావంటే, చేత్తో చిరునామా రాసి, రిజిస్టరు పోస్టులో తిప్పి పంపిస్తాను.

నీ మామయ్య